వంగతోటలోకి సముద్రం వచ్చింది

తుఫాను వస్తుంటే రేడియోలో ముందే చెబుతారు. నేను వస్తున్నానని మా మామ వంగతోటకి మాత్రం ఎవరూ చెప్పలేదు. పాపం, నిండా పూత మీదుండి నా చేతికి చిక్కింది.

డెబ్బయిల చివరి మాట. నేనప్పుడు విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ దగ్గర ఐసు ఫ్యాక్టరీలో గుమస్తాని. మా మేనమామ సింహాద్రికి భీమిలి అవతల అరెకరం వంగతోట ఉండేది. ఆయన కూతురు నూకరత్నాన్ని నాకిమ్మని మా అమ్మ అడిగితే మామ ఒకటే షరతు పెట్టాడు.

"నాను నాలుగు రోజులు ఊరెల్తన్నాను. తోటలో తుంగ తన్నుకొచ్చేసింది. మీవోడ్ని వొచ్చి కలుపు తియ్యమను. కుర్సీలో కూకున్నోడు మట్టిలో కూకోగల్డో లేదో సూస్తాను."

సెలవు పెట్టి వెళ్లాను. తుంగ సంగతి తెలియనివాళ్లు అదృష్టవంతులు. పైన పీకితే కింద గడ్డ ఉండిపోయి, మళ్లీ లేచి కూర్చుంటుంది. బొరిగె పట్టి ఒక్క పూట తవ్వేసరికి నా అరచేతులు బూరెల్లా పొంగాయి. నా నడుం వంగింది గాని, తుంగ వంగలేదు.

అప్పుడు గట్టు మీది కొబ్బరిచెట్టు కనబడింది. మామ దాని మొదట్లో ఉప్పు వేశాడు. పైన గెలలు విరగకాశాయి, కింద గడ్డిపరక లేదు. ఇంకేం, నా బుర్ర పాదరసంలా పనిచేసింది! ఉప్పేస్తే కలుపు చస్తుంది, పంట పెరుగుతుంది. మర్నాడు తెల్లారుతూనే హార్బర్‌కి పోయి, ఎండుచేపలు ఊరబెట్టి పారేసిన ఉప్పు గోనెడు ఎత్తుకొచ్చాను. బస్సులో నా పక్క సీటు భీమిలి దాకా ఖాళీయే.

"ఏటి బావా అది?" అంది రత్నం ముక్కు మూసుకుని.

"కలుపుకి మందు."

"కొబ్బరికి పడిందని వొంకాయకి పడతాదేటి?"

"సదువుకున్నోడ్ని, నాకు సెప్తన్నావా?"

మళ్లనిండా చల్లి, కరగాలని నీళ్లు కూడా పెట్టాను. ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదంటారు కదా. ఉప్పు తిన్న మొక్క నీళ్లు కూడా తాగలేదని ఆ సామెత కట్టినవాడికీ తెలీదు, నాకూ తెలీదు. మర్నాటికి ఆకులు వడిలాయి. ఆ మర్నాటికి పూతంతా రాలి, మొక్కలు మాడిపోయాయి. వాసనకి ఊళ్లో పిల్లులన్నీ వచ్చి మళ్లలో కాపురం పెట్టాయి. తుంగ మాత్రం పెళ్లికొడుకులా కళకళలాడుతోంది. పెళ్లికొడుకు కావలసిన నేను తల పట్టుకుని కూర్చున్నాను. రత్నం ఇక నాకు దక్కదనుకున్నాను.

మామ రానే వచ్చాడు.

"ఏట్రా ఇది?"

నా నోట వచ్చిన మాటకి ఇప్పటికీ సిగ్గుపడుతుంటాను. "సముద్రం పొంగింది మామా."

"ఓహో! పొంగి, అందరి తోటలూ దాటుకొచ్చి, నా మళ్లలోనే ఉప్పేసి, కాళీ గోనెసంచి మడతెట్టి గట్టు మీదెట్టేసి ఎల్పోనాదా?"

రత్నం ఫక్కున నవ్వింది. నాకు ఏడుపొచ్చేసింది.

"నానే మామా. నీ పంట పాడు సేసేసాను. రత్నాన్ని ఇయ్యకపోతే ఇయ్యకు. ఈ మళ్లు మాత్రం నానే బాగుసేసి ఎల్తాను."

మామ వంగి, మాడిన మొక్క ఒకటి పీకి చూశాడు. తర్వాత కూతురి వైపు తిరిగాడు. "ఏటే, ఈడ్ని సేసుకుంటావేటి?"

"బస్సు దిగి రెండు మైళ్లు ఆ గోనె నెత్తినెట్టుకుని మోసుకొచ్చాడు నాన్నా. ఒల్లు దాసుకునేవోడు కాదు. బుర్రంటావా..." నన్ను ఎగాదిగా చూసింది. "ఇద్దరికీ సరిపడా నాకుంది కదా."

ఆ ఏటి వానలకి ఉప్పంతా కొట్టుకుపోయింది. సెలవు దొరికినప్పుడల్లా వెళ్లి తుంగ గడ్డలు ఒక్కొక్కటే తవ్వాను. మరుసటేడు మా పెళ్లి విందులో గుత్తివంకాయ ఆ తోటదే.

కనుక చదువరులారా, మీ అందరి ఎదుటా ప్రతిజ్ఞ చేస్తున్నాను. కంఠంలో ప్రాణముండగా ఏ తోటకీ, ఏ మొక్కకీ, ఆఖరికి నా కంచంలో పప్పుకీ రత్నాన్ని అడక్కుండా ఉప్పు వెయ్యను. సముద్రం మీద నింద అసలే వెయ్యను.