సుగుణక్క వాకిట్లో రెండు రేట్లు

రెండు వేల ఇరవై రెండు, మే నెల. గోదావరిఖనిలో నాది పాత సామాన్ల దుకాణం. గని కార్మికుడు రిటైరైతే కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాలి. ముప్పై ఏళ్ల సంసారం ఒక్కరోజులో వాకిట్లోకి వస్తుంది. మంచాలు, బీరువాలు, పిల్లలు చదివిన బల్లలు, అల్లుడి కోసం కొన్న కుర్చీలు. ఆ వాకిళ్లే నాకు బజారు. అప్పటికి ఇరవై ఆరేళ్లుగా అవే నాకు అన్నం పెడుతున్నాయి.

మా వ్యాపారంలో ‘లాట్’ అనే మాటుంది. వస్తువు వస్తువుకూ రేటు కట్టకుండా, ఇంట్లో ఉన్నదంతా కలిపి ఒకే ధరకు ఎత్తుకుపోవడం. అమ్మేవాళ్లకు తొందర ఉంటుంది. అంతకంటే ఎక్కువ మొహమాటం ఉంటుంది. పక్క క్వార్టరామె వచ్చి ‘అక్కా, వందకియ్యరాదు’ అంటే ఏ నోటితో కాదంటారు? అందుకే పీడా పోయిందని మొత్తం మాకు అప్పజెబుతారు. ఆ మొహమాటమే మాకు లాభం. గొప్పగా చెప్పడం లేదు, ఉన్నమాట చెబుతున్నాను.

సుగుణక్క ఇంటికి కూడా లాట్ కోసమే వెళ్లాను. ఆమె భర్త యేసుదాసు అన్న ముప్పై నాలుగేళ్లు గనిలో పనిచేసి ఆ నెలలోనే రిటైరయ్యాడు. వాళ్లు బెల్లంపల్లిలో చిన్న ఇల్లు చూసుకున్నారు. నేను గదులన్నీ తిరిగి, అలవాటు ప్రకారం ప్రతిదానికీ మొహం చిట్లించి, చివరికి చెప్పాను.

“ఇరవై రెండు వేలిస్త అక్కా. బండి నాదే, హమాలీ ఖర్చు నాదే. నీకు ఏ ఫికర్ లేదు.”

“మంచిగనే చెప్పినవు తమ్మీ. కానీ నాకు నలభై గావాలె.”

“నలభైయా? ఏం జేస్తవక్కా?”

“బెల్లంపల్లిల పిండి గిర్ని అమ్ముతుండ్రు. బయానా, అదే అడ్వాన్సు, నలభై వేలు. అమ్మెటాయన సోమవారం దాక ఆగుతడట, అటెనుక వేరేటోళ్లకు ఇచ్చేస్తడట.”

“అన్న బెనిఫిట్లు వస్తయి గదా, అండ్లకెల్లి ఇయ్యి.”

ఆమె చేతిలోని గుడ్డ పక్కన పెట్టింది. “ఆయన పైసలు ఆయన గనిల దిగి తెచ్చినయి తమ్మీ. ఈ సామాను నేను చీటీలు కట్టి, ఒక్కొక్కటి కొన్నది. గిర్ని నాది గావాలె. నా సామాన్లతోనే కొంట. శనివారం అన్నీ వాకిట్ల పెట్టి నేనే అమ్ముత.”

యేసుదాసు అన్న అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు. నాకు మాత్రం లోపల నవ్వొచ్చింది. శనివారం సాయంత్రానికి నా దగ్గరికే వస్తుంది, అప్పుడు పద్దెనిమిదికే ఇస్తుంది అనుకున్నాను. ఇలాంటి ధీమాలు ఎన్ని చూడలేదు!

శనివారం పొద్దున ఏడు గంటల గని సైరన్‌కు వెళ్లేసరికి వాకిట్లో టార్పాలిన్ కట్టి సామానంతా వరసగా పెట్టి ఉంది. ప్రతి వస్తువు మీదా చాక్‌పీసుతో రెండు రేట్లు. మొదటిది పొద్దున సైరన్ నుంచి మధ్యాహ్నం మూడు గంటల సైరన్ దాకా. రెండోది, తక్కువది, మూడు నుంచి ఆరు దాకా. ఆరింటికి బంద్. అంతవరకు సరే. ఆ రేట్ల కింద ఇంకో వాక్యం రాసి ఉంది.

బీరువా మీద: ‘తాళం రెండుసార్లు తిప్పాలె.’ ఫ్రిజ్ మీద: ‘కింద నీళ్లు కారుతయి, గుడ్డ వెయ్యాలె.’ కూలర్ మీద: ‘మోటరు చప్పుడు చేస్తది.’ టేకు మంచం మీద: ‘ఒక కోడును పురుగు తిన్నది, కూలదు.’

తెలియనివాళ్లకు చెబుతాను. బేరమంటే వంక పెట్టడమే. గీత పడింది, తుప్పు పట్టింది, తలుపు వదులైంది అంటూ ఒక్కో వంకకూ ఒక్కో వంద తగ్గించుకుంటూ పోవడమే మా విద్య. ఆ వంకలన్నీ ఆమే ముందుగా రాసి పెట్టింది. ఇంక నేను ఏం మాట్లాడాలి?

“ఏందక్కా, నీ సామాన్లకు నువ్వే వంకలు పెడుతున్నవు?”

“కొనేటోళ్లంత తెలిసినోళ్లే తమ్మీ. రేపు చర్చిల కనబడితే నేను తల దించుకోవద్దు గదా.”

మావాళ్లు ఇంకో ఇద్దరు వ్యాపారులు అప్పటికే వచ్చి ఉన్నారు. ముగ్గురం సందు చివర చాయ్ తాగుతూ రింగు కట్టాం. రింగంటే కొనేవాళ్లు కూడబలుక్కోవడం. మూడింటి దాకా ఎవరూ చెయ్యి పెట్టొద్దు, రెండో రేటుకే ఎత్తాలి. అంతటితో ఊరుకోలేదు. వచ్చినవాళ్లందరి చెవిలో ‘జర ఆగుండ్రి, మూడింటికి తగ్గుతది’ అని వేశాం. పదకొండు దాటినా ఒక చేట, రెండు పీటలు తప్ప ఏమీ పోలేదు. సుగుణక్క మాత్రం కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్లకు మంచినీళ్లిస్తూ ఉంది. ఆమె ముఖంలో కంగారు కోసం చాలాసేపు వెతికాను. దొరకలేదు.

అక్కడే నాకు తెలియని సంగతి ఒకటి జరుగుతూ ఉంది. ఆమె పొద్దున్నే కూలర్‌లో నీళ్లు పోసి వేసి పెట్టింది. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన మల్లేశ్ అనే కుర్రాడు సామాను చూద్దామని వచ్చి, దాని ముందున్న కుర్చీలో కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. మా దగ్గర మే నెల ఎండంటే ఇంట్లో గోడలు కూడా కాలుతాయి. రాత్రంతా గనిలో పనిచేసినవాడికి పగలు నిద్ర పట్టకపోతే మళ్లీ రాత్రి డ్యూటీ ఎలా చేస్తాడు?

పన్నెండింటికి అతని భార్య వెతుక్కుంటూ వచ్చింది.

“ఇంటికి రాకుండ గిక్కడ పండినవా?”

అతను కళ్లు తెరవకుండానే అన్నాడు. “నాలుగు దినాల సంది నిద్ర లేదే. ఇయ్యాల పట్టింది. జర ఆగు.”

ఆమె కూలర్ మీది రాత చదివింది. “అక్కా, మూడింటికి వెయ్యి తగ్గుతదట గదా?”

“తగ్గుతది బిడ్డా. కానీ అప్పటిదాక ఉంటదో పోతదో నేను చెప్పలేను.”

ఆ పిల్ల ఒకసారి మొగుడి ముఖం చూసింది, ఒకసారి ఎండ చూసింది. పర్సు తీసి మూడు వేల ఐదు వందలు లెక్కపెట్టింది. అతన్ని లేపడానికి మాత్రం ఆమెకు మనసు రాలేదు. ఇంకో గంట పడుకోనిచ్చి, ఆ తర్వాత మొగుడినీ కూలర్‌నూ కలిపి తీసుకుపోయింది.

అంతే. ఒక పెద్ద వస్తువు పూర్తి రేటుకు పోవడం అందరూ చూశారు. ఇష్టపడ్డ వస్తువు ఇంకొకరికి పోతుందన్న భయం పట్టుకుంది. ఫ్రిజ్ పోయింది, బీరువా పోయింది, ఇత్తడి బిందెలు ముగ్గురాడవాళ్లు పంచుకున్నారు. రెండున్నర అయ్యేసరికి సగం వాకిలి ఖాళీ. మా రింగువాళ్లిద్దరూ నా వైపు చూస్తున్నారు. నేను టేకు మంచం వైపు చూస్తున్నాను.

ఆ మంచానికి మంచిర్యాలలో నాకు గిరాకీ తయారుగా ఉంది. మొదటి రేటు తొమ్మిది వేలు, రెండోది ఆరున్నర. మూడింటికి ఇంకా ఇరవై నిమిషాలున్నాయి. అంతలో తెల్లచొక్కా పెద్దమనిషి ఒకాయన వచ్చి ఆ మంచం మీద చెయ్యి వేశాడు. రింగూ లేదు గింగూ లేదు, ఒక్క అంగలో వెళ్లి తొమ్మిది వేలు సుగుణక్క చేతిలో పెట్టాను.

“ఇంక ఇరవై నిమిషాలున్నది గదా తమ్మీ?”

“ఉంటే ఉండనీ అక్కా, పైసలు తీస్కో.”

ఇంతకీ ఆ పెద్దమనిషి కొనడానికి రాలేదు. ఎండకు కళ్లు తిరిగి, ఆసరాగా మంచం పట్టుకుని మంచినీళ్లడిగాడు. మావాళ్లిద్దరూ నన్ను చూసి నవ్విన నవ్వు నెల రోజులు బజారంతా వినబడింది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడంటారు. ఈ తలదన్నే మనిషి నాకు కుర్చీ వేసి, నీళ్లిచ్చి మరీ తన్నింది.

ఆరింటికి వాకిట్లో ఏమీ మిగల్లేదు. ఆమె లెక్కపెట్టింది. ముప్పై ఎనిమిది వేల ఎనిమిది వందలు. పన్నెండు వందలు తక్కువ. అమ్మడానికి ఇంక వస్తువు లేదు. యేసుదాసు అన్న మెల్లగా జేబులో చెయ్యి పెట్టాడు. ఆమె చూసిన చూపుకు ఆ చెయ్యి అక్కడే ఆగింది. నేనూ ఉండబట్టలేక అన్నాను.

“నేనిస్త అక్కా. గిర్ని నడిచినంక ఇద్దువు.”

“అప్పు వద్దు తమ్మీ, ఊకెనే ఇచ్చేది అసలే వద్దు. పనుంటే చెప్పు, చేస్త.”

సిగ్గుపడుతూనే అడిగాను. “రేపు నా దుకాణానికి వచ్చి నా సామాన్లకు రేట్లు రాస్తవా?”

ఆదివారం ఆరాధన కాగానే చర్చి నుంచి నేరుగా దుకాణానికి వచ్చింది, చేతిలో చాక్‌పీసుతో. మొదటి సోఫా దగ్గర నిలబడి అడిగింది. “దీనికేమైంది?”

“మస్తు మాల్ అక్కా, హైదరాబాద్ నుంచి…”

“మంచి నాకు కనబడుతున్నది. ఏమైందో చెప్పు.”

చెప్పాను. స్ప్రింగు ఒకటి కుంగింది. అల్మారా వెనక చెక్క మార్చాం. మిక్సీకి మూత వేరేది. మొదటి నాలుగు వస్తువులకు ఆమె రెండేసిసార్లు అడగాల్సి వచ్చింది. ఇన్నేళ్లలో నా సరుకు లోపాలు నా నోటితో చెప్పింది అదే మొదటిసారి. పదో వస్తువుకు వచ్చేసరికి, బరువేదో దిగినట్టు హాయిగా చెప్పేస్తున్నాను. ఆమె కొన్నిటికి రేటు తగ్గించింది. కొన్నిటికి, నిజం చెబుతున్నాను, నాకంటే ఎక్కువ రాసింది. అంతలో దుకాణంలోకి వచ్చిన ఒకతను అల్మారా మీద రాసింది చదివి, రాసిన రేటుకే మారుమాట లేకుండా తీసుకున్నాడు. ఆ అల్మారా రెండేళ్లుగా నా దగ్గర మూలుగుతోంది.

రెండు గంటల్లో పనైపోయింది. ఆ పనికి సుగుణక్కకు పన్నెండు వందలు ఇచ్చాను. సోమవారం పొద్దున మొదటి బస్సుకే ఆమె బెల్లంపల్లి వెళ్లి బయానా కట్టింది. గిర్ని ఆమె పేరు మీదే ఉంది.

చౌకగా కొనడమే తెలివని నేను సగం జీవితం నమ్మాను. ఎదుటివాళ్ల అవసరం ఎంతో చూసి దాన్నిబట్టి రేటు కట్టాను. ఆమె వస్తువు ఎంతదో చూసి రేటు కట్టింది, ఎవరి అవసరం ఎంతో వాళ్లనే తేల్చుకోమని వదిలేసింది. ఆమె మీద నాకున్న గౌరవం ఇవాళ్టికీ తగ్గలేదు. ఆమెను పద్దెనిమిది వేలకే లొంగదీద్దామనుకున్నందుకు సిగ్గూ తగ్గలేదు. ఈ వ్యాపారంలో ఎన్నో కారుచౌకగా కొట్టేశాను. వాటన్నిటిలో నాకు నిజంగా చౌకగా దొరికింది మాత్రం, పూర్తి రేటు ఇచ్చి కొన్న ఆ ఆదివారం రెండు గంటలే.