కాదనలేని అమ్మమ్మ

మా అమ్మమ్మ టెలిఫోన్ ఆపరేటర్‌గా చేసి రిటైరైంది. ఎవరు లైను అడిగినా కలపడమే తప్ప కాదనడం ఆవిడకు చేతకాదు. మౌస్‌ను వేడి గిన్నెలా రెండు వేళ్లతో పట్టుకుంటుంది. "మీకు కబుర్లు పంపమంటారా?" అని ఏ వెబ్‌సైటు అడిగినా "అనుమతించు" నొక్కేస్తుంది. "పాపం, అంత మర్యాదగా అడుగుతుంటేనూ!" అంటుంది. దాంతో బ్రౌజర్ కాస్తా సంతబజారైంది. మొన్న ఆదివారం వాళ్లక్కతో ఆన్‌లైన్‌లో చదరంగం ఆడుతోంది. పుట్టి బుద్ధెరిగాక అక్క మీద గెలిచిన పాపాన పోలేదు, ఆ రోజు మాత్రం గెలిచేలా ఉంది. సరిగ్గా అప్పుడే చెప్పులు, సబ్బులు, పరుపుల ప్రకటనలు ఎగిరొచ్చి తెర మీద వాలాయి. "ఒరేయ్, నా గుర్రం మీద ఎవడో పరుపు వేశాడురా! అవతల గడియారం పరిగెడుతోంది!" అని కేక పెట్టింది.

నేను సెట్టింగ్స్ తెరిచి, ఒక్కో వెబ్‌సైటు పక్కన "వద్దు" నొక్కమన్నాను. మొదటిదానికి "ఏమనుకోకు నాయనా" అని చెప్పి మరీ నొక్కింది. నాలుగోదానికి మాటలు మానేసింది. ఆ తర్వాత నన్ను పక్కకు తోసి, పేలు కుక్కినంత హుషారుగా నొక్కుకుంటూ పోయింది. తెర తేటపడింది. గుర్రం దూకింది. వాళ్లక్క మంత్రి ఎగిరిపోయాడు. వెంటనే తెర మీద కొత్త ప్రశ్న వచ్చింది: "అవతలివారు తమ ఎత్తు వెనక్కి తీసుకుంటామంటున్నారు. అనుమతిస్తారా?"

అమ్మమ్మ "వద్దు" నొక్కింది.

ఫోన్ మోగింది. "ఏమే, అక్కనని కూడా చూడవా?"

"అక్కవనే ఇన్నాళ్లూ చూశానక్కా! ఇక నీ రాజును నువ్వు చూసుకో."