పెళ్లిచూపుల్లో మిరపకాయల ఘాటు

పోయిన ఏడాది మా మనవరాలిని చూడటానికి తిరుమలగిరి నుంచి పిల్లగాని వాళ్లు మల్కాజ్‌గిరిలోని మా ఫ్లాటుకు వచ్చారు. అంతకుముందే రెండు సంబంధాలు తప్పిపోయాయి. దిష్టే కారణమని నేనంటాను. నమ్మనివాళ్లు నమ్మకపోతే మానె. అందుకే వాళ్లు వచ్చేముందు ఇల్లంతా సాంబ్రాణి ధూపం పట్టి, పిల్ల చుట్టూ తిప్పిన గుప్పెడు ఎండుమిరపకాయలు ఆ నిప్పుల్లోనే వేశాను. ఏసీ కోసం కోడలు కిటికీలన్నీ మూసిందని నేను చూసుకోలేదు.

ఘాటు గొంతు పట్టుకుంది. మనవరాలి కాటుక చెంపల మీదికి కారింది. సరిగ్గా అప్పుడే బెల్లు మోగింది. తలుపు తీయగానే పొగంతా వచ్చినవాళ్ల ముఖాలకు కొట్టింది. పిల్లగాడు మెట్ల మీద కూలబడి ఒకటే తుమ్ములు.

"ఏం జేసినవత్తమ్మా! ఈ సంబంధం సుత పాయె!" అని కోడలు నెత్తి కొట్టుకుంది.

పిల్లగాని తల్లి కొంగుతో కళ్లు తుడుచుకుంటూ అడిగింది. "మిరపకాయలేసినవా పెద్దమ్మా?"

"ఏసిన బిడ్డా. దిష్టి తీసిన."

"మరింక పరేషానెందుకు? దిష్టుంటే ఘాటు రాదంటరు. గింత ఘాటొచ్చిందంటే పిల్లకు ఏ దిష్టీ లేనట్టే! జెర కిటికీలు తెరువుండ్రి, లోపలికొస్తం."

సంబంధం కుదిరింది. అప్పటినుంచి కిటికీలు తెరిచాకే ధూపం వేస్తున్నాను, మిరపకాయలైతే బాల్కనీలోనే. అయినా పెళ్లిలో పంతులు హోమం వెలిగించగానే, పెళ్లికొడుకు మొట్టమొదట నా గుప్పిట వంకే చూశాడు.