పిన్నికి వచ్చిన ఒక్క ఇంగ్లీషు మాట

వన్ టౌన్‌లో గొడుగులు టోకున అమ్ముతారు గానీ, ఒక్క గొడుగు విప్పేంత చోటు ఆ వీధుల్లో ఉండదు. అక్కడే ఒక సందులో, రెండు గదుల వాటాలో మా పిన్ని, బాబాయి, ముగ్గురు పిల్లల కాపురం. చదువుకోవడానికి వచ్చి, ఉద్యోగం దొరికాక కూడా కదలని ఆరోవాణ్ణి నేను.

"నీకు కూర మిగల్లేదేంటి పిన్నీ?" అంటే, "మజ్జిగుందిగా, అడ్జస్టైపోతాలే" అనేది.

నిఘంటువులో ఆ మాటకు దేన్నయినా సరిచేయడం అని అర్థం. పిన్ని దేన్నీ సరిచేసేది కాదు, తనే కుదించుకునేది. ఇంగ్లీషు బి.ఏ. వాణ్ణి కనుక ఆమె వాడుక తప్పని నవ్వేవాణ్ణి. నవ్వుతూనే రెండోసారి కూర వేయించుకునేవాణ్ణి.

నిరుడు పిన్ని కడుపునొప్పితో పడిపోతే ఆసుపత్రిలో చేర్చాం. ఆ మంచం మీద కూడా కాళ్లు ముడుచుకుని, పక్క రోగి తల్లిని పిలిచి కూర్చోబెట్టింది. నొప్పి ఎన్నాళ్లుగా ఉందని డాక్టరుగారు అడిగారు.

"ఏడాది దాటిందండీ. అడ్జస్టవుతున్నా."

పరీక్షలయ్యాక ఆయన మమ్మల్ని వరండాలోకి పిలిచి, కడుపులోని క్యాన్సర్ గడ్డ కాలేయానికి పాకిందనీ, ఇక చేయగలిగిందేమీ లేదనీ చెప్పారు.

"మాకెప్పుడూ చెప్పలేదండీ" అన్నాడు బాబాయి.

డాక్టరుగారు ముందు బాబాయిని, తర్వాత నన్ను చూశారు.

"ఆవిడ చెప్పలేదు, సరే. ఇంట్లో ఇంతమందున్నారు, ఒక్కరూ అడగలేదా?"