చిన్నాన్న దిద్దకూడని వాక్యం

మా చిన్నాన్నకి కోపం ముక్కు మీదే ఉంటుంది. ముప్పై నాలుగేళ్ళు చూపులేని పిల్లల బళ్ళో వడ్రంగిగా పనిచేశాడు. అక్కడి పిల్లలు ఆయన అడుగుల చప్పుడు విని, ఆ రోజు దగ్గరికి వెళ్ళచ్చో లేదో చెప్పేసేవాళ్ళట. పని మానేసి ఆరేళ్ళయినా చెవి మీద పెన్సిలు పెట్టుకోవడం మాత్రం మానలేదు. మా పక్క వాటాలోనే ఉంటాడు. మా తలుపు బిగిసిందంటే పిలవక్కర్లేదు, చప్పుడు విని పనిముట్ల సంచితో ఆయనే వస్తాడు, తిడుతూ.

నిజానికి ఆయన గురించి రాయడానికి నేను తగను. ఎందుకో ముందే చెప్పేస్తాను. ఈ కథలో లాభపడేది మా అమ్మ.

ఆ బళ్ళో చెక్క పటాలున్నాయి. నదులు గాడులుగా, కొండలు ఎత్తుగా చెక్కి, ఊరున్న చోటల్లా ఇత్తడి మేకు కొట్టి ఉంటుంది. పిల్లలు వేళ్ళతో తడుముకుంటూ దేశాలు నేర్చుకుంటారు. అక్కడ చదివి ఇప్పుడు పంతులైన ఒకాయన ఆ పటాల మీద ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వంలో వ్యాసం రాశాడు. ఎవరైనా రాయగలిగే, ఎవరైనా దిద్దగలిగే పుస్తకం అది. ఒక ఆదివారం మధ్యాహ్నం దాన్ని చిన్నాన్నకి చదివి వినిపించాను. ‘ఈ పటాల ఆలోచన బడి వడ్రంగిది’ అని ఆయన పేరుతో ఉన్న వాక్యం దగ్గర, మురిసిపోతున్నాడేమోనని తలెత్తి చూశాను. ముఖం వాడిపోయి ఉంది.

“అది తప్పు. ఆ ఆలోచన మీ అమ్మది,” అన్నాడు.

అమ్మ ఆ బళ్ళో కుట్టుపని చేసేది. నాన్న పోయాక ఆవిడని అక్కడ చేర్పించింది చిన్నాన్నే. చిరిగిన దుప్పట్లు, ఊడిన బొత్తాలు ఆవిడ పని. పాత కర్టెను గుడ్డ మీద జడలా అల్లిన దారంతో నదులు, దూది కూరి కొండలు, బొత్తాలతో ఊళ్ళు కుట్టింది మొదట ఆవిడేనట. రెండు నెలల్లో పిల్లల వేళ్ళ కింద గుడ్డ పీలికలైపోతే, చిన్నాన్న ఆ నమూనానే చెక్కలో చెక్కాడు. నేనప్పటికి మరీ చిన్నపిల్లని. తరవాతైనా అమ్మ ఒక్క ముక్క చెప్పలేదు.

చిన్నాన్న నా కంప్యూటరు ముందు కూర్చుని, ఒంటివేలితో గంటసేపు కుస్తీ పట్టి, తన పేరు కొట్టేసి అమ్మ పేరు పెట్టాడు. పావుగంటలో ఎవరో పాత వాక్యం తిరిగి పెట్టేశారు. మళ్ళీ మార్చాడు. మళ్ళీ మొదటికొచ్చింది. మూడోసారికి కబురొచ్చింది. పంపినవారు అక్కడ ‘గుడ్లగూబ’ అనే మారుపేరుతో ఉంటారు. ‘ఈ వ్యాసంలో ఉన్నది మీరే అయితే, దయచేసి మీ చేత్తో మార్చకండి. చర్చ పేజీలో చెప్పి, ఆధారం చూపండి. సంబంధం లేనివాళ్ళు చూసి మారుస్తారు.’

“నా సంగతి నాకంటే ఆ గుడ్లగూబకి ఎక్కువ తెలుసా?” అన్నాడు చిన్నాన్న.

“తెలియదు. కానీ ఎవరి గురించి వాళ్ళు రాసుకుంటే అందరూ మహానుభావులే అవుతారు కదా చిన్నాన్నా.”

“నేనేం గొప్పలు చెప్పుకోలేదే. నా పేరున ఉన్నది తీసేస్తున్నాను.”

“తీసి ఎవరికిస్తున్నావు? మీ వదినకి.”

ఆయన కుర్చీలోంచి లేచి పక్కకి జరిగాడు. “అయితే నువ్వు మార్చు,” అన్నాడు.

నా పేరుతో మార్చాను. బుద్ధి తక్కువ పని. గుడ్లగూబ ఒక్కటే అడిగింది, ‘ఆవిడ మీకేమవుతారు?’ అని. అబద్ధం రాయలేక ‘అమ్మ’ అని రాశాను. తల కొట్టేసినట్టయింది.

చివరికి చిన్నాన్న చెబుతుంటే చర్చ పేజీలో నేను రాశాను. ‘ఈ వ్యాసంలోని వడ్రంగిని నేనే. ఆ పటం మొదట కుట్టినావిడ మా వదిన. నాకు కావలసిన మనిషి, కాబట్టి నా మాట ఎంతవరకు నమ్మాలో మీరే చూడండి.’ మర్నాడు జవాబొచ్చింది. మర్యాదగానే ఉంది. ‘వ్యాసానికి ఆధారం ముప్పై ఏళ్ళ నాటి వారపత్రిక. ఆలోచన పూర్తిగా నాదేనని మీరు అన్నట్టే అందులో ఉంది. కాదనే ఆధారం అచ్చులో ఉంటే చూపండి.’

పైకి చదువుతూ ఆగిపోయాను. చిన్నాన్న చెవి మీది పెన్సిలు తీసి చేతిలో తిప్పుతున్నాడు.

“అలా అన్నావా?”

“అన్నాను. విలేకరి అడిగాడు, పక్కన బడి పెద్దసారున్నారు. నోట్లోంచి వచ్చేసింది. అచ్చయ్యాక సర్దిచెబుదామనుకున్నాను. అచ్చయ్యాక అందరూ మెచ్చుకున్నారు. ఇంకేం చెప్పను?”

నాకు ఒళ్ళు మండింది. ఆ పేపరు తరవాత చిన్నాన్నకి పాఠాల గదిలో పంతుళ్ళ పక్కన కుర్చీ వేశారు. అమ్మ మాత్రం ఇంకో ఇరవై ఏళ్ళు దుప్పట్లు కుడుతూనే ఉండిపోయింది. ఆ సాయంత్రం ఆయనతో మాట్లాడలేదు.

రెండు రోజుల తరవాత ఆయనే వచ్చాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. వారపత్రిక ఆఫీసుకి వెళ్ళొచ్చాడట. అక్కడి ఉపసంపాదకుడు, ‘పొరపాటున అలా అచ్చయింది’ అని రెండు ముక్కలు వేస్తానన్నాడట. ఈయన ఒప్పుకోలేదట. “పొరపాటు మీది కాదు, అబద్ధం నాది. అలాగే వెయ్యండి,” అన్నాడట. అమ్మ పూర్తి పేరు కావాలి, ఆవిడ ఒప్పుకోవాలి కూడా అన్నారు వాళ్ళు. దాంతో అమ్మకి చెప్పక తప్పలేదు.

అమ్మ కిటికీ దగ్గర కర్టెను అంచు కుడుతోంది. చిన్నాన్న ఎదురుగా పీట మీద కూర్చున్నాడు.

“వదినా, ఆ పటం నీదని పేపర్లో వేయిస్తున్నాను. అప్పుడు నాదని చెప్పాను. నువ్వు చూసి ఉండవు.”

“చూశాను. నీ ఫొటో బాగా పడింది,” అంది అమ్మ, సూది ఆపకుండానే.

“మరి ఒక్కనాడూ అడగలేదే.”

“నువ్వే చెబుతావని చూశాను. మొదటి ఏడాది రోజూ చూశాను. తరవాత మానేశాను.”

చిన్నాన్న తల వంచుకున్నాడు. ఆయన కళ్ళు తుడుచుకోగా చూడటం నాకదే మొదటిసారి. నా కోపం సగం అక్కడే దిగిపోయింది. మిగతా సగం ఇంకా ఉంది.

ఆ నెలాఖరులో సవరణ వచ్చింది, లోపలి పేజీలో, అరచేయంత. దాని తేదీ, పేజీ చర్చలో రాసి ఊరుకున్నాం. వ్యాసం జోలికి పోలేదు. మూడో రోజుకి గుడ్లగూబే వాక్యం మార్చింది. ఆలోచన అమ్మది, చెక్కింది చిన్నాన్న.

నేను చదవబోతే అమ్మ ఆపింది. “నువ్వొద్దు. మీ చిన్నాన్నని చదవమను.”

చిన్నాన్న కళ్ళజోడు సర్దుకుని మొదలుపెట్టాడు. అమ్మ పేరు దగ్గరికొచ్చేసరికి, నలభై ఏళ్ళ అలవాటు కదా, ‘మా వదిన’ అనేశాడు.

“అక్కడ అలా ఉందా?” అంది అమ్మ.

“లేదు.”

“అయితే ఉన్నది ఉన్నట్టు చదువు.”

చిన్నాన్న గొంతు సవరించుకుని మళ్ళీ మొదటినుంచి చదివాడు, ఇంటిపేరుతో సహా.