ముప్పైఒక్కసార్లు చచ్చిన మా వదిన

మా వదిన ఇందలేసియా పద్దెనిమిదేళ్లు సినిమాల్లో నటించింది. అందులో ముప్పైఒక్కసార్లు చచ్చింది. మా ఊరు తబెర్నాస్ చుట్టూ ఉన్న ఎడారిలో గుర్రాల సినిమాలు తెగ తీసే రోజులవి. వాళ్ల నాన్న పోయినప్పుడు మా ఆచారం ప్రకారం సంతాపానికి వేసుకున్న నల్లబట్టలు వదిన ఇంకా మానలేదు. విధవరాలి వేషానికి సొంత బట్టలతో వచ్చే మనిషి దర్శకులకు మళ్లీ ఎక్కడ దొరుకుతుంది? ఒక సినిమాలో పొద్దున బాణం తగిలి చచ్చి, మధ్యాహ్నం తన శవపేటిక వెనకాలే ఏడుస్తూ నడిచింది. ఒక్కడూ కనిపెట్టలేదు!

అన్నేళ్లలో తెరమీద పలకడానికి ఒక్క మాట మాత్రం ఎవరూ ఇవ్వలేదు. వదిన బాధంతా అదే. వాళ్లమ్మ ఉర్సులత్తకు చూపు లేదు. కూతురి చావులన్నీ పక్కవాళ్లు చెబితేనే ఆమెకు తెలిసేవి. "సినిమాలో ఒక్కసారి నీ గొంతు వినపడితే చాలే, తల్లీ," అనేది పాపం.

చివరికి ఒక దర్శకుడు కరుణించాడు. "నా గుర్రం మీద చెయ్యేశావో, విరగ్గొడతా!" అదీ మాట. వదినది కొండ అవతల ఉన్న మేకను ఇవతలికి రప్పించే గొంతు. నెల రోజులు మేకల ముందే సాధన చేసింది. మా అన్నయ్య సెరఫీన్ చెవుల్లో దూది కుక్కుకుని, "గుర్రం సంగతి దేవుడెరుగు, నేను పారిపోయేలా ఉన్నానే," అన్నాడు.

"పో, వంట తప్పుతుంది," అంది వదిన.

సినిమా వచ్చింది. ఊరంతా పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ హాల్లో కూర్చున్నాం. తెరమీద వదిన నోరు తెరిచింది. వచ్చింది మాత్రం ఎవతో మాడ్రిడ్ పిల్ల గొంతు, తేనె పూసినట్టు! పరాయి దేశం వాళ్లకు మన భాష అతికిస్తారని తెలుసు. మన భాషకే మన భాష అతికిస్తారని ఎవరు కలగన్నారు?

"మా పిల్ల ఎప్పుడొస్తుందే?" అని ఉర్సులత్త నన్ను గిల్లింది.

వదిన లేచి నిలబడింది. "మెల్చోర్! వెనక్కి తిప్పు! శబ్దం ఆపు!"

సినిమా వేసే మెల్చోర్ హడలిపోయి తిప్పాడు. వదిన పరుగున వెళ్లి తెర కింద నిలబడింది. పైన పెదాలు కదిలాయి, కింద మాట పేలింది. హాలు దద్దరిల్లింది.

"అదీ! అదీ నా పిల్ల!" ఉర్సులత్త వలవలా ఏడ్చింది. నేనూ ఏడ్చాను, నాకేం సిగ్గు? కాసేపటికి అత్త కళ్లు తుడుచుకుని నా చెవి దగ్గరికి వంగింది.

"మరి ఇందాక కులుకుతూ మాట్లాడిన ఆ వగలాడి ఎవత్తే?"