పాడుతూ ఒలిచిన విత్తనాలు

పోయిన వారం మా వీధిలోకి శెనక్కాయలు ఒలిచే మిషన్ వచ్చింది. ట్రాక్టరు వెనక తగిలించుకొని తెస్తారు. ఒక పక్క మూట విప్పి కాయలు పోస్తే ఇంకో పక్క గింజలు, పొట్టు వేరువేరుగా వచ్చి పడతాయి. ఒకప్పుడు పదిమంది ఆడవాళ్ళం వారం రోజులు బొటనవేళ్ళు పుండ్లు చేసుకొని ఒలిచేంత కాయ, నేను కాఫీ తాగి లోటా కడిగి బోర్లించేలోపల అయిపోయింది. అరుగు మీద కూర్చొని చూస్తున్నాను. మిషన్ ఆడించే మనిషి ఎవరితోనో మాట్లాడుతూ, చూడకుండానే రాశిలో చెయ్యి పెట్టి పిడికెడు గింజలు నోట్లో వేసుకున్నాడు. నమిలి ఇంకో పిడికెడు వేసుకున్నాడు. కాయలు సొంతమైన ఆసామి పక్కనే ఉన్నాడు. ఆయనా నాలుగు గింజలు కొరికి, ఈసారి నూనె బాగా పట్టిందన్నాడు. ఎవరూ ఎవరి నోటి వంకా చూడలేదు. నేను మాత్రం చూశాను. విత్తనాల రాశి దగ్గర ఎవరైనా నోరు ఆడిస్తే ఈ వయసులో కూడా నా చెవులు పాట కోసం వెతుకుతాయి.

పాట ఎందుకో ఇప్పటివాళ్ళకు చెప్పాలి. తాడిపత్రి దిక్కున యాడికి అనే ఊరు దాటి లోపలికి పోతే వచ్చే ఎర్రనేలల ఊరు మాది. ఆ నేలల్లో శెనక్కాయే పంట, అదే పైరు, అదే పెండ్లికి ఖర్చు. ముంగారి, అంటే తొలకరి వానలకు ముందు విత్తనానికి దాచిన కాయలను చేత్తో ఒలిచి గింజలు తీయాలి. దీన్ని ఒలుపు అనేవాళ్ళం. ఉన్న ఇంటివాళ్ళు ఆడవాళ్ళను పిలుచుకొని, నడవలో చుట్టూ కూర్చోబెట్టి, మధ్యలో కాయలు పోసేవాళ్ళు. సాయంత్రం ఒలిచిన గింజలు శేరుతో కొలుచుకొని కూలికి జొన్నలు వేసేవాళ్ళు. రోహిణి ఎండలు, ఇంట్లో పొయ్యి వెలిగించని ఆడవాళ్ళు, ముందర కొండంత గింజల రాశి. మరి తినకుండా ఉండేదెట్లా? అందుకే పాట. ఒకరు ఎత్తుకుంటే అందరూ అందుకోవాలి. పాడే నోరు నమలలేదు కదా. దంపుళ్ళ పాట, నాట్ల పాట కష్టం మరిచిపోవడానికని పెద్దవాళ్ళు చెబుతారు. ఒలుపు పాట మాత్రం, ఎద్దు మూతికి కట్టినట్టు, నోటికి కట్టిన చిక్కమే.

నేను కాపురానికి వచ్చిన ఏడాది మా అత్తవాళ్ళ ఇంట్లోనే ఒలుపు జరిగింది. అప్పటికి మాకు ఇరవై ఎకరాల మెట్ట ఉంది, రెండు జతల ఎద్దులున్నాయి. మా అత్త పాట ఎత్తుకుంటే వీధి చివర కల్లంలో ఉన్న మామకు వినబడేది. పాడుతూనే అందరి నోళ్ళూ కనిపెట్టేది. ఒక ముసలామె దవడ కదిలిందని అనుమానం వచ్చి, చెంబుతో నీళ్ళిచ్చి వాకిట్లో పుక్కిలించమంది. ఉమ్మిన నీళ్ళు తెల్లగా వచ్చాయి. అత్త అరవలేదు. ఆమె ఒలిచిన గింజలు కొలిచి, కూలి జొన్నలు చేటలో పోసి, "రేపట్నుంచి రాకమ్మా" అంది, అంతే. నేను కొత్త కోడలిని. మా అత్త న్యాయం తప్పని మనిషని మురిసిపోయాను.

ఆ తర్వాత మూడేండ్లు వానలు ముఖం చాటేశాయి. ఒక జత ఎద్దులు పోయాయి, తర్వాత రెండో జతలో ఒకటి. మా మామకు ఊళ్ళో సగం మంది దగ్గర అప్పు, తాడిపత్రి శెట్టి దగ్గర అంతకంటే ఎక్కువ. అయినా ఆయన తలపాగా వాలలేదు. అప్పంటే మా దిక్కు సిగ్గుపడే విషయం కాదు. టీ అంగడి బల్ల మీద కూర్చొని మగవాళ్ళు ఒకరి అప్పులు ఒకరు చెప్పుకొని నవ్వుకునేవాళ్ళు. "నాకు అప్పు లేదన్నోని ఇంటికి పిల్లనియ్యొద్దప్పా" అనేవాడు మామ. "వానికి శెట్టి కూడా దుడ్లీలేదంటే వాడెట్లాంటోడో చూసుకో." అందరూ పకపకా నవ్వేవాళ్ళు. అప్పున్నవాడు నమ్మకమున్నవాడు. పంచాయితీలో మామ మాటకు విలువ తగ్గలేదు.

ఆకలి సంగతి అట్లా కాదు. ఆకలిని ఎవరూ అంగడి బల్ల మీద పెట్టేవాళ్ళు కాదు. మా అత్త మధ్యాహ్నం పూట చెయ్యి తడుపుకొని, కొంగుతో తుడుచుకుంటూ బయటికి వచ్చి అరుగు మీద కూర్చునేది. పొరుగామె "ఏమక్కా, తింటివా?" అంటే "ఇప్పుడే కడిగినా" అనేది. "ఏం చేసినావు?" అంటే రోజూ ఒకటే జవాబు, సంగటీ ఊరిబిండీ అని. పొరుగామె చెయ్యి కూడా అట్లాగే తడిగా ఉండేది, ఆమె ఇంట్లోనూ రోజూ అదే వంట. ఒకరి అబద్ధం ఒకరు పట్టుకోకపోవడమే ఆ రోజుల్లో ఇరుగుపొరుగు మర్యాద. సర్కారు కరువు పని పెట్టి రోడ్డు మీద కంకర కొట్టించింది. మా అత్త పోలేదు, నన్ను పోనివ్వలేదు. రోడ్డంటే బస్సులో పోయే చుట్టాలు చూస్తారు. ఒలుపుకు మాత్రం సరేనంది. అది నాలుగు గోడల మధ్య పని. కూలికి పోయినామని ఎవరూ అనరు, ఒలుపుకు పోయినామంటారు. ఆ ఒక్క మాట తేడాను పట్టుకొని మేము వేలాడేవాళ్ళం.

ఊళ్ళో బోరు నీళ్ళున్న పెద్దింటివాళ్ళు ఆ ఏడు ఒలుపు పెట్టారు. ఆ ఇంటామెకు, మా అత్తకు వదినల వరస. నా భర్త బళ్లారి దిక్కు కాలువ పనికి పోయి రెండు నెలలైంది. నా చంకలో మూడు నెలల బిడ్డ. పాలు తగ్గిపోయాయి. రెండు రోజులుగా మా ఇంట్లో జొన్న గంజి నీళ్ళే. మా అత్త తన గంజిలోని మెతుకు నా ముంతలోకి వంచి, పైన తేటను తాను తాగేది. నేను చూస్తే "నాకు చిక్కగా ఉంటే దిగదమ్మే" అనేది.

పెద్దింటి నడవలో దూలానికి చీర ఉయ్యాల కట్టి బిడ్డను వేశాను. అత్త నా పక్కనే కూర్చుంది. అడగకముందే పాట ఎత్తుకుంది. పిలిచిన ఇంటామె ముచ్చటపడి, "మా వదిన ఉంటే నేను కట్టె పట్టుకొని కూర్చునే పనే లేదు" అంది. కట్టె అంటే ఎవరి గొంతు తగ్గితే వాళ్ళ ముందర నేల మీద తట్టే చిన్న బెత్తం. మధ్యాహ్నం దాకా బాగానే జరిగింది. బిడ్డ లేచి ఏడిస్తే పాలివ్వబోయాను. నాలుగు గుటకలు తాగి, వదిలేసి, నా ముఖం చూసి మళ్ళీ ఏడ్చింది. ఇంక పాలు రావడం లేదని బిడ్డ నాకు చెబుతున్నట్టుంది. ఉయ్యాలలో వేసి వచ్చి కూర్చున్నాను. నా చెయ్యి ఎప్పుడు రాశిలోకి పోయిందో, ఎప్పుడు నోటికి వచ్చిందో నిజంగా నాకు తెలియదు. పచ్చి గింజల తీపి నాలుక మీద పడేసరికి కండ్లు మూసుకున్నాను. పల్లవి వచ్చింది. అందరూ అందుకున్నారు. నేను అందుకోలేదు.

అత్త నా వైపు చూడలేదు. గొంతు పెంచి, నా గొంతు కూడా తానే పాడింది. కానీ ఇంటామె చెవి మా అత్త చెవికి తీసిపోయేది కాదు. కట్టె పట్టుకొని లేచింది.

"ఆ పక్క ఒగ గొంతు ఇనపడల్యా" అంది. నమిలేది ఆపేశాను. మింగడానికి లేదు, ఉమ్మడానికి లేదు. ఆమె నాలుగడుగుల దూరంలో ఉంది. అప్పుడు మా అత్త రెండు చేతులూ రాశిలో పెట్టింది. ఎత్తిన గింజలు ఎత్తినట్టే, అందరూ చూస్తుండగా, నోరు నిండా కుక్కుకుంది. కొన్ని గింజలు గడ్డం మీద నుంచి జారి ఒళ్ళో పడ్డాయి. పాట ఆగిపోయింది. నడవలో ఉన్న ప్రతి కన్నూ ఆమె మీద ఉంది. ఆ సందులో నేను మింగేశాను.

ఇంటామె కట్టె దించింది. ఆమె చెడ్డ మనిషి కాదు. గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ ఉంది.

"నువ్వా వదినా? అడిగింటే ఇంత సంగటి పెట్టకపోదునా? ఇత్తనం తింటివే."

అత్త నమిలి, మింగి, కొంగుతో మూతి తుడుచుకుంది. "అడిగేది నేర్చుకోల్యా వదినా" అంది. లేచి, నేను ఒలిచిన గింజలు, తాను ఒలిచినవి కొలతకు పెట్టింది. ఇచ్చిన జొన్నలు ఒళ్ళో కట్టుకుంది. ఉయ్యాలలో బిడ్డను తానే ఎత్తుకుంది.

దారిలో నేను ఏడుస్తున్నాను. ఆమె ఏడవలేదు. మా వాకిలి కనబడ్డాక ఒకసారి ఆగింది. "ఆ ముసల్దానితో పుక్కిలింపిస్తి గదమ్మే నేను. అది ఎన్ని దినాలు పస్తుండెనో" అంది. అంతే, ఇంట్లోకి నడిచింది.

మాకంటే ముందే మాట టీ అంగడికి చేరింది. ఆ సాయంత్రం మామ పోయేసరికి బల్ల మీద నవ్వుతున్నవాళ్ళు నవ్వు ఆపి, వానల గురించి మాట్లాడారట. ఇంటికి వచ్చి తలపాగా విప్పి గూటిలో పెట్టాడు. "ఇంత అప్పు జేసినా నన్నొకడూ ఏమన్ల్యా" అన్నాడు. "పిడికెడు గింజలకు నా పక్క జాగా ఇడిసిపెట్టి కూర్చున్నారే." అత్త పొయ్యి ముందర కూర్చొని జొన్నలు చెరుగుతోంది. "దోసెడు" అంది. "పిడికెడు గాదు. చెప్పేదేదో సరిగ్గా చెప్పు." మామ ఆమె ముఖంలోకి చూశాడు. ఏమర్థమైందో, మళ్ళీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

అసలు శిక్ష వాన వచ్చాక పడింది. మా దిక్కు విత్తేటప్పుడు ఎద్దులు గొర్రు లాగుతుంటే, దాని మీది కొయ్యగిన్నెలోకి ఒక ఆడమనిషి నడుస్తూ గింజలు వదలాలి. ఆ గిన్నెను జడ్డిగం అంటారు. ఒక్కో గింజా వేళ్ళ సందు నుంచి జారాలి. ఎక్కువైతే విత్తనం దండగ, తక్కువైతే సాలు బోడి. మా అత్త చెయ్యి మంచిదని ఊళ్ళో పేరు. తొలి వానకు నేల పదునెక్కిందంటే తెల్లవారకముందే నాలుగిళ్ళవాళ్ళు మా వాకిట్లో పోట్లాడుకునేవాళ్ళు, ముందు మా చేనికి రావాలంటే మా చేనికని. విత్తినన్నాళ్ళూ రెండు పూటలా కూడు, పైన కూలి. ఆ కూలికి పోవడం చిన్నతనం కాదు, గౌరవం. ఆ ఏడు మృగశిరలో మంచి వాన కురిసింది. అత్త చీకటితో లేచి తలకు పోసుకుంది. గింజలు పోసుకునే ఒడికట్టు బిగించుకొని అరుగు మీద కూర్చుంది. గొర్రులు ఒకటొకటే మా ముందర నుంచి పోయాయి. మనుషులు ఎద్దులను అదిలిస్తూ మా అరుగు వైపు చూడకుండా పోయారు. విత్తనం తిన్న చేతికి విత్తనం ఎవరిస్తారు?

పొద్దెక్కాక పెద్దింటామె స్వయంగా వచ్చింది. అత్త లేచి నిలబడింది. ఆమె అత్తను చూడలేక నన్ను చూసింది. "కోడల్ని పంపు వదినా. జడ్డిగం దగ్గరికి మనిషి లేదు" అంది.

నేను లోపలికి పరుగెత్తాను. అత్త వెనకే వచ్చింది. "నేను చెప్పేస్తా అత్తా, తిన్న చెయ్యి ఇదేనని చెప్పేస్తా" అన్నాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"చెప్తే ఏమైతాది? నా పేరు తిరిగొస్తాదా? ఇద్దరి చేతులూ చెడ్తాయి. ఇంటికి ఒగ చెయ్యన్నా మిగలాల గదా పాపా. నాకింకేమి, పదేండ్లో పదైదో. నువ్వు ఈ ఊర్లో బతకాల్సిన ఏండ్లు చానా ఉండాయి." తర్వాత నా అరచేయి విప్పి, చేటలోని జొన్నలు పోసి, వేళ్ళు ఎట్లా మడవాలో, బొటనవేలు ఎప్పుడు జరపాలో చూపించింది. "గొర్రును చూడొద్దు. ఎద్దు అడుగు ఇను. అడుగుకొక గింజ." మూడుసార్లు నాతో వదిలించింది. నాలుగోసారికి "పో, ఎద్దులు నిలబడుకొన్యాయి" అంది.

పోయాను. ఆ ఏడు ఆ చేను ఎక్కడా సందు లేకుండా మొలిచింది. కోడలి చెయ్యి అత్తను మించిందన్నారు. రెండు పూటలా కూడు వచ్చింది. నా పాలు వచ్చాయి, బిడ్డ బతికింది. తర్వాత ఎనభైల దాకా, మా ఊరికి ట్రాక్టరు గొర్రు వచ్చేదాకా, తొలి పదునుకు నా వాకిట్లో జనం నిలబడేవాళ్ళు. వాళ్ళు వచ్చినప్పుడల్లా అత్త బిడ్డను ఎత్తుకొని పెరట్లోకి పోయేది. చనిపోయేదాకా ఆమెను ఎవరూ ఒలుపుకు గానీ విత్తుకు గానీ పిలవలేదు. పెండ్లిండ్లలో మాత్రం పిలిచి, కూర్చోబెట్టి, కడుపు నిండా పెట్టేవాళ్ళు. ఆమె విస్తరిలో కొంచెం ఎక్కువగానే వడ్డించేవాళ్ళు. ఆ ఎక్కువను ఆమె ముట్టకుండా వదిలేది.

పెద్దింటామె చివరి రోజుల్లో మంచాన పడి ఉంటే చూడబోయాను, ఈరోజు చెబుదామనుకొని. ఆమె నా చెయ్యి తన చేతిలోకి తీసుకొని, ఎంత మంచి చెయ్యో అంది. నేను చెప్పలేకపోయాను. ఇప్పుడు ఇదంతా ఒక్క తడబాటు లేకుండా చెప్పేస్తున్నాను. ఏండ్లు గడిస్తే నిజం చెప్పే ధైర్యం వస్తుందంటారు. నాకు ధైర్యం రాలేదు. వినవలసినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, అంతే.